పైదాకా కట్టిన గోడ

ఏప్రిల్ 24, గురువారం

ఎడమ రొమ్ములో గడ్డ. డాక్టరమ్మ చేత్తో చూసింది, ఫొటో తీయించింది, సూది గుచ్చి ముక్క తీసి పరీక్షకి పంపింది. "ఈసారి వచ్చేటప్పుడు మీ హస్బెండ్ గారిని తీసుకురండి మేడమ్" అంది. సరేనన్నాను. కంగారు పడాల్సిందేమీ లేదు. నూటికి ఎనభై గడ్డలు ఉత్త గడ్డలేనట. నేను లెక్కల టీచర్ని, ఎనభై ఎంతో ఇరవై ఎంతో నాకొకరు చెప్పక్కర్లేదు.

ఒకటే ఇబ్బంది. ఆయనకి చెప్పాలి. ఆయనకి చెప్పడమంటే అరవడం. ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్ల పక్కన నిలబడి నిలబడి మా రమేష్ బాబుగారు చెవులు రెండూ అక్కడే వదిలేసి రిటైరయ్యారు. చెవి మిషను కొనిచ్చాను. గీ అంటోందని బీరువాలో దాచారు. నేను ఇంట్లో "కాఫీ!" అంటే ఆ కేక ఇటు పక్కింటి సంపూర్ణమ్మగారింట్లోనూ పడుతుంది, అటు యెహెజ్కేలు ఇంట్లోనూ పడుతుంది. ఇక "కేన్సరు" అని అరిచానంటే దొరగారి లైను ఏడిళ్ళూ వింటాయి.

అరవను. ముందు గోడలు కట్టిస్తాను, తర్వాత చెబుతాను.

ఏప్రిల్ 25

మా లైనుని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. రాజమండ్రిలో ఇలాంటి ఇళ్ళు ఇంకెక్కడున్నాయో చూపించమనండి! కట్టించిన దొర తన ఊళ్ళో, గుమాస్తాలుండే పేటలో తను పుట్టిన ఇళ్ళ వరస ఎలా ఉండేదో అలాగే ఇక్కడ దింపాడట. ఎర్ర ఇటుక. ఇంటికీ ఇంటికీ మధ్య సందు లేదు, భుజం భుజం ఆనించుకుని నిలబడతాయి. రెండిళ్ళకి ఒకటే గోడ. మా గుమ్మం, సంపూర్ణమ్మగారి గుమ్మం పక్కపక్కనే. మాకు కుడివైపున్న గది ఆవిడకి ఎడమవైపు. కిటికీ పొట్ట పొడుచుకుని వీధిలోకి వస్తుంది. అందులో కూర్చుంటే వీధి ఆ చివరా ఈ చివరా కనిపిస్తుంది. గుమ్మం మీద కాల్చిన మట్టితో ఒక పువ్వు. దొర ఏ పువ్వు గీసిచ్చాడో తెలీదు కానీ చేసినవాడు మాత్రం శుభ్రంగా బంతిపువ్వు చేశాడు.

హాల్లో చలిమంట గూడు కూడా ఉంది. సంక్రాంతికి కూడా ఫ్యాను ఆపని ఊళ్ళో చలిమంట! దొరకి ఇంటి మీద బెంగ అయ్యుంటుంది పాపం. మేము అందులో ఇన్వర్టరు పెట్టుకున్నాం.

అన్నీ బాగానే చేశాడు కానీ ఒక్క తప్పు చేశాడు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ మనిషికి అందనంత ఎత్తు లేచి అక్కడితో ఆగిపోతుంది. పైన దూలాలు, వాసాలు, పెంకులు ఒకటో నంబరు నుంచి ఏడో నంబరు దాకా అడ్డు లేకుండా ఒకటే పొడుగు. మా మామగారు ఇటుక చాలక ఆపేశారనేవారు. కారణమేదైనా ఒకరి మాట ఇంకొకరింట్లో పడుతుంది. గోడ మీదుగా వచ్చిన మాటకి జవాబివ్వకూడదన్నది లైను మర్యాద. అందరూ వింటారు, ఎవరూ విననట్టే ఉంటారు. పాతికేళ్ళుగా చూస్తున్నాను, ఆ మర్యాద ఎవరూ తప్పలేదు.

కానీ మర్నాడు కూరలొస్తాయి. మాకు ఇక పిల్లలు పుట్టరని డాక్టరు తేల్చి చెప్పిన రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు ఏ ఇంటావిడ చూసినా గిన్నెతో మా గుమ్మంలోనే. "ఊరికే వచ్చానమ్మా, ఈ చేపల పులుసు ఎక్కువైంది." ఆరిళ్ళలోనూ ఒకేరోజు కూర ఎక్కువవుతుందా? ఆ కూరలు మళ్ళీ తినడం నా వల్ల కాదు. దొర చేసిన తప్పు నేను సరిచేస్తాను.

ఏప్రిల్ 28

ఆయనతో చెప్పాను. గోడ సంగతే.

"ఏవండీ, గోడలు పైదాకా లేపిద్దాం!"

"ఏంటి?"

"గోడలండీ! పెంకుల దాకా!"

"ఇన్నేళ్ళూ లేంది ఇప్పుడెందుకు?"

ఏదో ఒకటి చెప్పాలిగా. "బల్లులు!" అని అరిచాను. "పక్కిళ్ళ నుంచి బల్లులొస్తున్నాయి!"

అటుపక్క సంపూర్ణమ్మగారు దగ్గారు. అంతే, ఇంకేం లేదు. పొద్దున్న చూస్తే ఆవిడ కర్రకి చీపురు కట్టి వాళ్ళ గోడ మూలలన్నీ దులుపుతున్నారు. డెబ్భై దాటిన మనిషి. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకుంటే గోడ ఎలా లేస్తుంది?

మే 1

మేస్త్రి వీరబాబు వచ్చాడు. నిచ్చెనెక్కి చూసి, "ఆయ్, సిమెంటుతో అయితే చిటికెలో లేపేస్తానండి టీచరు గారూ" అన్నాడు. పాత ఇటుక మీద సిమెంటు పెడితే తడి లోపలే ఉండిపోయి ఇటుక పొడైపోతుంది నాయనా, గానుగ సున్నం తెప్పించు అన్నాను. ఇటుకలు కూడా పాతవే, పాత సైజువే కావాలన్నాను. ధవళేశ్వరం వైపు ఎవరో పాత గోదాము పడగొడుతున్నారట, అక్కడి నుంచి తెచ్చాడు. వరస వరసా నేనే నిలబడి చూసుకున్నాను. కొత్త ఇటుక ఎక్కడ మొదలైందో చెప్పండి చూద్దాం! ఎవరూ చెప్పలేరు.

యెహెజ్కేలు ఆటో ఆపి వచ్చి చూశాడు. "మా వైపు కూడానా అండీ?"

"మీ వైపు కూడానే."

"సరేలెండి టీచరు గారూ. ఇంక నా క్రికెట్టు గోల మీకుండదు." నవ్వుతూనే అన్నాడు. మొహం మాత్రం చిన్నబుచ్చుకున్నాడు.

మే 5

రిపోర్టు వచ్చింది. నేను ఇరవైలో ఉన్నాను.

మే 6

చిన్నదేనట. తొందరగా దొరికిందట. ఆపరేషను చేసి తీసేస్తే, తర్వాత మందులు వాడితే భయం లేదంది డాక్టరమ్మ. ఆవిడ గొంతు నాకు నచ్చింది, సాగదీయకుండా చెప్పింది. ఈ నెలాఖరుకి చేద్దాం, సంతకానికి మీ వారు రావాలి అంది. ఇదిగో వస్తారు, అదిగో వస్తారు అన్నాను.

సాయంత్రానికి గోడలు రెండూ పూర్తయ్యాయి. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో! సంపూర్ణమ్మగారి రేడియోలో కీర్తన లేదు, యెహెజ్కేలు ఫోనులో సిక్సర్లు లేవు. నా ఇంట్లో నా ఊపిరి నాకు వినిపిస్తోంది. ఇక ఎంత గట్టిగా అరిచినా అడిగేవాడు లేడు. రేపు చెప్పేస్తాను.

మే 7

చెప్పలేదు. సున్నం ఇంకా పచ్చిగా ఉంది. పచ్చి గోడ శబ్దాన్ని ఆపుతుందని గ్యారంటీ ఏంటి?

మే 8

ఆయనకి ఇవాళ బీపీ ఎక్కువుంది.

మే 9

మామిడికాయ పప్పు వండాను. ఆయన ఇష్టంగా రెండోసారి వేయించుకున్నారు. తినే మనిషికి ఇలాంటివి చెప్పకూడదు.

మే 11, ఆదివారం

గుడిలో ఆరాధన అయ్యాక ఇంటికి రాకుండా ఆయన్ని గోదావరి గట్టుకి తీసుకెళ్ళాను. గోడలు బాగానే ఉన్నాయి, వాటి గురించి కాదు. కొన్ని మాటలకి గాలీ నీళ్ళూ ఉన్నచోటయితే మంచిదని. బెంచీ మీద కూర్చున్నాం. నీళ్ళు తగ్గి అవతల ఇసుక తేలింది. ఆయన చాలా హుషారుగా ఉన్నారు, బ్రిడ్జి మీద వెళ్తున్న గూడ్సు పెట్టెలు లెక్కపెడుతున్నారు.

"మీకో మాట చెప్పాలండీ" అన్నాను.

"ఏంటి?"

"మీకో మాట చెప్పాలి!"

పక్క బెంచీ వాళ్ళు ఇద్దరూ తిరిగి చూశారు. ఆ చూపుతో నా నాలుక మడతపడింది.

"ఇటుకలు మిగిలాయి! ఏం చేద్దాం?"

ఆయన దాని గురించి నిజంగా ఆలోచించారు. "కడియం నర్సరీ నుంచి నాలుగు మందార మొక్కలు తెచ్చుకుని చుట్టూ పేర్చుదాం" అన్నారు. బంగారంలాంటి మనిషి. నాకు ఆయన్ని చూస్తే కోపమొచ్చింది, ఎందుకొచ్చిందో తెలీదు.

మే 14

ఎండలు మండిపోతున్నాయి. ఈ ఏడు మరీ ఎక్కువ. ఫ్యాను తిరుగుతోంది కానీ వేడి గాలిని అక్కడికక్కడే కలుపుతోంది. టీవీలో వాతావరణం చెప్పేవాడు కూడా అన్నాడు, ఎక్కువేనట. గోడలకీ దీనికీ సంబంధం లేదు.

మే 15

సంపూర్ణమ్మగారు వరండాలో తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుంటున్నారు. మధ్యాహ్నం కూడా. "లోపల పడుకోండి పిన్నిగారూ" అన్నాను. "ఇక్కడ బాగుందమ్మాయ్, వీధి కనిపిస్తోంది" అన్నారు. గోడ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.

మే 16

దోమల చక్రం వెలిగించాను. ఇదివరకు దాని పొగ ఎప్పుడూ అటు, ఏడో నంబరు వైపే సాగి పోయేది. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను, ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు. ఇవాళ పొగ నిట్టనిలువుగా లేచి పెంకుల కింద గూడు కట్టుకుంది. ఎటూ పోవడంలేదు.

బయటికి వెళ్ళి లైను చివర నిలబడి చూశాను. ఒకటో నంబరు పక్కగోడ మీద, కప్పు కింద, గుండ్రటి కిటికీ. ఏడో నంబరు పక్కగోడకీ అలాంటిదే ఇంకొకటి. తలుపుల్లేవు, రెండూ ఉత్త కన్నాలు. గోదావరి గాలి ఇందులోంచి దూరి ఏడిళ్ళ నెత్తి మీదుగా పాకి అందులోంచి పోయేది. ఇటుక చాలక ఆపిన గోడలు కావవి. దొర తన ఊరి ఇల్లు తెచ్చి ఇక్కడ దింపాక ఈ ఎండకి బుద్ధొచ్చి, బయటికి ఏడిళ్ళుగా ఉంచి లోపల ఒక్క ఇల్లు చేశాడు. ఇన్వర్టరుకి ఇల్లిచ్చిన ఆ చలిమంట గూడు చూసి నవ్వుకున్నదాన్ని, ఈ గోడలు చూడలేదు. ఏడిళ్ళ ముక్కూ మధ్యలో నేను మూసేశాను.

ఇది నా అంతట నేను కనిపెట్టాను. అయినా సరే, గోడలు తీయను. తీస్తే ఆయనకి ఎప్పటికీ చెప్పలేను.

మే 18, ఆదివారం

సాయంత్రం లైను వాళ్ళంతా మా వరండా ముందు చేరారు. తగువుకి రాలేదు, బతిమాలడానికి వచ్చారు. అదే నాకు ఎక్కువ కష్టమైంది. యెహెజ్కేలు అందరి తరపునా మాట్లాడాడు.

"తప్పుగా అనుకోకండి టీచరు గారూ. ఇదివరకు గాలి అట్నుంచి ఇటు పోయేదండి. ఇప్పుడు ఇంట్లో ఉండలేకపోతున్నాం. పైన రెండు వరసలు తీయించేయండి చాలు. ఆ బల్లుల సంగతి నేను చూసుకుంటాను."

"నా ఇల్లు, నా గోడ" అన్నాను. "మీ ఇళ్ళకి ఏసీలు పెట్టుకోండి." నా నోట అంత మాట ఎలా వచ్చిందో! ఆరో నంబరు దుర్గాశ్రీ తల దించుకుంది.

అప్పుడు సంపూర్ణమ్మగారు కుర్చీలోంచి విసనకర్ర ఎత్తారు. జాకెట్టు మొత్తం చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"వెళ్ళండిరా ఇంక. ఆశాని నేను కొత్త కోడలప్పట్నుంచీ చూస్తున్నాను. ఊరికే ఇటుక మీద ఇటుక పెట్టే మనిషి కాదు. దానికి అవసరం ఉండబట్టే కట్టుకుంది. ఆ అవసరం ఏంటో మనకి చెప్పాలనుందా, చెబుతుంది. లేదా, లేదు. నాకు ఉక్కపోస్తోందని నేను మీకెవరికైనా చెప్పానా?"

"అది కాదు అత్తా..." అన్నాడు యెహెజ్కేలు.

"ఏది కాదు? వర్షాలు పడితే చల్లబడుతుంది. పదండి."

మా ఆయన గుమ్మంలో నిలబడి "ఏంటంటున్నారు? ఏంటి?" అని అడుగుతున్నారు. ఎవరూ అరిచి చెప్పలేదు. చివరికి ఆయనే అన్నారు: "మా ఆవిడకి గోడలెందుకో నాకూ తెలీదండి. కావాలంది, కట్టించాం. ఆవిడ మాట నేనెప్పుడూ కాదనలేదు."

లోపలికెళ్ళి వంటింట్లో ఏడ్చాను. రాసేస్తున్నాను, ఏడ్చాను. నా గోడ వల్ల ఉడికిపోతున్న మనిషి నా వైపు నిలబడింది. ఏం చూసుకుని నాకింత పొగరు?

మే 20

వీరబాబుకి ఫోను చేశాను. "తీసేయాలా అండీ? అంత బాగా కుదిరిన గోడ!" అని వాడు బాధపడ్డాడు. గాలి లెక్క తప్పింది, సరిదిద్దుకోవాలి, అంతే అన్నాను. ఎవరో అడిగారని కాదు. పైన వేసిందంతా తీసేయమన్నాను. రెండు వరసలు మాత్రం తీసి ఊరుకునే సగం పనులు నాకు నచ్చవు.

ఆయనకి చెప్పాను. "గోడలు తీయించేస్తున్నామండీ!"

"ఎందుకు?"

"గాలి!"

"మరి బల్లులో?"

దేవుడా.

మే 22

గోడలు దిగిపోయాయి. దూలాల కింద గాలి నడవడం మళ్ళీ మొదలైంది. కిటికీ తెర ఊగింది. ఆ వెంటనే సంపూర్ణమ్మగారి రేడియో, యెహెజ్కేలు సిక్సర్లు, దుర్గాశ్రీ ఇంటి కుక్కరు కూత. ఇంతకాలం ఇవన్నీ గోల అనుకున్నాను.

పొద్దున్న వరండాలో సంపూర్ణమ్మగారు కనిపించలేదు, లోపల పడుకున్నారట. ఎవరూ నాకు థాంక్స్ చెప్పలేదు. దెప్పలేదు కూడా. యెహెజ్కేలు మాత్రం మిగిలిన ఇటుకలన్నీ మోసి మా పెరట్లో పేర్చి పోయాడు.

సోమవారం ఆపరేషను. పొద్దున్నే ఆస్పత్రిలో చేరాలి. రేపు చెబుతాను.

మే 23

చెప్పలేదు. కారణాలేం రాయను ఇవాళ. ఉన్న కారణం ఒకటే. ఆ మాట నోటితో అంటే నిజమైపోతుందని భయం. గోడ లేనప్పుడూ అదే, గోడ ఉన్నప్పుడూ అదే. భయం, అంతే.

మే 24, శనివారం

ఇది మర్చిపోకుండా మొత్తం రాసుకోవాలి.

సాయంత్రం సంచి సర్దుతున్నాను. రెండు చీరలు, ముందు గుండీలుండే నైటీ, తువ్వాలు, బైబిలు. ఆయన టీ గ్లాసుతో గదిలోకి వచ్చి సంచి చూశారు.

"ఏ ఊరు?"

"ఊరు కాదు. ఆస్పత్రి."

"ఏంటి?"

"ఆస్పత్రికి!"

"ఎవరికి బాగోలేదు?"

"నాకు!" అన్నాను. ఇక ఆగలేదు. గుండెల్లో ఉన్నదంతా పట్టుకుని అరిచేశాను. "నాకు కేన్సరండీ! రొమ్ములో! సోమవారం ఆపరేషను!"

యెహెజ్కేలు ఇంట్లో క్రికెట్టు టక్కున ఆగిపోయింది. రేడియో ఆగింది. ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడు. ఏడిళ్ళూ ఊపిరి బిగబట్టుకున్నాయని నాకు తెలిసిపోయింది.

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని నా మొహంలోకి చూశారు. ఏదో పెద్ద మాటని తెలిసింది, మాట తెలీలేదు.

"ఏంటి?" అన్నారు.

మళ్ళీ అన్నాను. ఈసారి సగమే పైకొచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి దగ్గరికి వచ్చారు. "ఏంటమ్మా? గట్టిగా చెప్పు" అన్నారు.

మూడోసారి నోరు తెరిచాను. గొంతు రాలేదు. పాతికేళ్ళు తరగతి గదుల్లో బల్లలు అదిరేట్టు అరిచిన గొంతు, ఒక్క మాటకి మూసుకుపోయింది. ఆయన చెవి వెనక చెయ్యి అలాగే ఉంది. నేను తల అడ్డంగా ఊపుతున్నాను, నా వల్ల కావడంలేదని.

అప్పుడు గోడ మీదుగా వచ్చింది సంపూర్ణమ్మగారి గొంతు.

"రమేషూ! ఒరే రమేషూ!"

ఆయన ఉలిక్కిపడి దూలాల వైపు చూశారు.

"ఆశాకి కేన్సరంట నాయనా! రొమ్ములో! సోమవారం ఆపరేషనంట! అది చెప్పలేకపోతోంది! వినపడిందా?"

ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. ఒక్కో మాటా విడివిడిగా, గుడిలో వాక్యం చదివినట్టు అరిచారు. ఇటుపక్క నుంచి యెహెజ్కేలు అందుకున్నాడు. "సోమవారం బాబాయ్ గారూ! ఆటో నేను తెస్తాను! పొద్దున్నే రెడీగా ఉండండి!" ఇంకా అవతల నుంచి దుర్గాశ్రీ, "అక్కకి నేను తోడుంటానండీ!" అని. ఆ చివర ఒకటో నంబరు నుంచి ఎవరో, గొంతు పోల్చుకోలేకపోయాను, "వినపడిందా ఆయనకి? చెప్పండి, వినపడిందా?" అని అడుగుతున్నారు.

ఆయన తల ఎత్తి, చెవుడున్న వాళ్ళు అరిచినట్టు, లైను ఆ చివరికీ ఈ చివరికీ వినిపించేలా అరిచారు.

"వినపడిందండీ!"

మంచం మీద నా పక్కన కూర్చున్నారు. సంచి ఒళ్ళోకి లాక్కుని జిప్పు మొత్తం తీసి, నా చీరలు పైకెత్తి అడుగుదాకా వెతికారు.

"నా బట్టలు పెట్టలేదేంటి?" అన్నారు.